నాన్నా, మూడు సంఖ్యలను గుణించడం వచ్చిందా? వెక్టర్ లైబ్రరీల వెనుక కథ

ప్రోగ్రాములో రెండు త్రీడీ వెక్టర్ల (మూడేసి సంఖ్యలతో దిశను, పరిమాణాన్ని చెప్పే రాశుల) మధ్య గుణకారం గుర్తు పెడితే ఏం రావాలి?

గ్రాఫిక్స్ కార్డులకు కోడ్ రాసే జీఎల్ఎస్ఎల్ భాష ఎక్స్‌ను ఎక్స్‌తో, వైని వైతో, జెడ్‌ను జెడ్‌తో విడివిడిగా గుణించి ఇంకో వెక్టర్‌ను చేతికిస్తుంది. వీడియో గేములు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్‌లోనూ అంతే. డాట్ ప్రోడక్ట్‌కు (ఒక సంఖ్యను ఇచ్చే లబ్ధం) అక్కడ నిలువు గీత, క్రాస్ ప్రోడక్ట్‌కు (రెంటికీ లంబంగా ఉండే వెక్టర్‌ను ఇచ్చే లబ్ధం) టోపీ గుర్తు కేటాయించారు. మరో గేమ్ ఇంజిన్ యూనిటీలో రెండు వెక్టర్ల మధ్య గుణకారం గుర్తుకు అర్థమే లేదు. సీ ప్లస్ ప్లస్‌లో పేరుమోసిన ఐగెన్ లైబ్రరీ (లైబ్రరీ అంటే ఎవరైనా వాడుకునేలా ముందే రాసిపెట్టిన కోడ్) ప్రోగ్రామ్‌ను కంపైల్ కానివ్వదు. నీకు కావాల్సింది డాట్ ప్రోడక్టా, మూలకాల వారీ గుణకారమా, ఏదైతే అది పేరు పెట్టి అడగమని పెద్దక్షరాల్లో పొడవాటి సందేశం ఇస్తుంది. జావాలో సొంత క్లాసులకు గుర్తులు ఆపాదించే వీలు లేదు కాబట్టి అపాచీ కామన్స్ మ్యాథ్ అనే గణిత లైబ్రరీలో ప్రతి లబ్ధాన్నీ పేరుతోనే పిలవాలి.

ఈ తేడాలు లైబ్రరీలు రాసినవాళ్ల అభిరుచి వల్ల మాత్రమే వచ్చాయనుకుంటే పొరపాటు. ఈ తగువుకు 180 ఏళ్లు దాటాయి.

1843లో డబ్లిన్‌లో విలియం రోవన్ హామిల్టన్ అనే గణితవేత్త ఇంట్లో రోజూ పొద్దున ఒక ప్రశ్న వినబడేది. అల్పాహారానికి దిగివచ్చిన తండ్రిని పిల్లలు అడిగేవారు: నాన్నా, మూడేసి సంఖ్యలను గుణించడం వచ్చిందా? ఆయన తల అడ్డంగా ఊపి, లేదు, కూడటం, తీసేయడం మాత్రమే వచ్చు అనేవాడట. చాలా ఏళ్ల తర్వాత కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆయనే ఈ సంగతి గుర్తు చేసుకున్నాడు. రెండేసి సంఖ్యల జంటలను, అంటే సంకీర్ణ సంఖ్యలను, గుణిస్తే తలంలో భ్రమణం వస్తుంది. మూడేసి సంఖ్యలతో మూడు పరిమాణాల స్థలంలో అదే పని చేయాలని ఆయన పట్టుదల. అక్టోబరు 16న భార్యతో కలిసి రాయల్ కెనాల్ గట్టు మీద నడుస్తుండగా మూడు చాలవని, నాలుగు కావాలని తట్టింది. ఐ, జే, కే ఒక్కోదాని వర్గం మైనస్ 1, మూడింటి లబ్ధం కూడా మైనస్ 1 అనే సూత్రాన్ని బ్రూమ్ వంతెన రాయి మీద చాకుతో చెక్కాడు. వాటికి క్వాటర్నియన్లని పేరు పెట్టాడు. స్కేలార్, వెక్టర్ అనే మాటలను ఈ అర్థంలో గణితానికి ఇచ్చిందీ ఆయనే. క్వాటర్నియన్‌లో ఒంటరి సంఖ్య స్కేలార్, మిగతా మూడూ కలిసి వెక్టర్. మన ఇంటర్మీడియట్ పుస్తకంలో సదిశల అధ్యాయాల్లో కనిపించే ఐ, జే, కే ఆ రాయి మీది అక్షరాలే.

మరుసటి ఏడాది, 1844లో, స్టెటిన్ పట్టణంలో బడి పంతులుగా ఉన్న హెర్మన్ గ్రాస్మన్ ఇంకా లోతైన పుస్తకం అచ్చు వేయించాడు. రెండు దిశలను గుణిస్తే మరో దిశ రాదని, ఆ రెండూ కలిసి పరిచే వైశాల్యం వస్తుందని ఆయన చెప్పాడు. మూడు పరిమాణాలే ఉండాలన్న షరతు ఆయన గణితానికి లేదు. కొన్నవాళ్లు దాదాపు లేరు, చదివినవాళ్లు తక్కువ. మిగిలిన ప్రతులను ప్రచురణకర్త చిత్తుకాగితాల కింద వదిలించుకున్నాడు. మనసు విరిగిన గ్రాస్మన్ సంస్కృతం వైపు మళ్లి ఋగ్వేదానికి నిఘంటువు కూర్చాడు. వేదభాష చదివేవారు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు. ఆ పుస్తకానికి అప్పుడే పాఠకులు దొరికి ఉంటే ఈ రోజు మన లైబ్రరీల రూపం వేరుగా ఉండేదని నా నమ్మకం.

దొరకలేదు కాబట్టి ఇంజినీర్లకు మిగిలింది క్వాటర్నియన్. స్కేలార్ భాగం లేని రెండు క్వాటర్నియన్లను గుణిస్తే రెండు ముక్కలు వస్తాయి: డాట్ ప్రోడక్ట్‌కు మైనస్ గుర్తు తగిలించిన ఒక సంఖ్య, క్రాస్ ప్రోడక్ట్ అనే ఒక వెక్టర్. యేల్ విశ్వవిద్యాలయంలో విల్లర్డ్ గిబ్స్, ఇంగ్లండ్‌లో ఆలివర్ హెవిసైడ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఆ రెండు ముక్కలనూ విడగొట్టి, మైనస్‌ను తీసేసి, వేర్వేరు లబ్ధాలుగా వాడుకున్నారు. గిబ్స్ 1881, 1884లలో తన విద్యార్థుల కోసం ఆ పాఠాలను సొంతంగా అచ్చు వేయించాడు. హామిల్టన్ శిష్యగణంలో ముఖ్యుడైన పీటర్ టెయిట్ దాన్ని వికృతమైన సంకరమని తిట్టిపోశాడు. పత్రికల్లో ఏళ్ల తరబడి వాదం నడిచింది. చివరికి గిబ్స్ పక్షమే గెలిచింది. ఆయన శిష్యుడు విల్సన్ 1901లో తెచ్చిన పాఠ్యపుస్తకం చుక్కను, క్రాస్‌ను తరగతి గదుల్లో స్థిరపరచింది. కీబోర్డు మీద గుణకారానికి ఉన్నది ఒకటే నక్షత్రం గుర్తు, లబ్ధాలేమో రెండు. ఒక్కో లైబ్రరీ ఒక్కో దారి పట్టడానికి అది కారణం.

కంప్యూటర్లు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. కాగితం మీద వెక్టర్ ఒక బాణం. మెమరీలో మాత్రం అది మూడు సంఖ్యలే. హైదరాబాద్ ఎక్కడుందో చెప్పడానికి మూడు సంఖ్యలు కావాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎటు, ఎంత వెళ్లాలో చెప్పడానికీ మూడే. మొదటిది బిందువు, రెండోది స్థానభ్రంశం. విజయవాడలోంచి హైదరాబాద్‌ను తీసేస్తే ప్రయాణం వస్తుంది. రెండు ఊళ్లనూ కూడితే వచ్చేదానికి అర్థం లేదు, మూలబిందువు మార్చగానే జవాబూ మారిపోతుంది. కూడి సగం చేస్తే మాత్రం మధ్యబిందువు వస్తుంది, అది ఎక్కడి నుంచి కొలిచినా అదే చోటు. బిందువుల గుణకాల మొత్తం 1 అయితే బిందువు, 0 అయితే వెక్టర్, మరేదైనా అయితే అర్థరహితం. ఇలాంటి అక్రమ గణిత సమాసాల మీద రొనాల్డ్ గోల్డ్‌మన్ 1985లో ఒక వ్యాసమే రాశాడు.

దీనికి పాత విరుగుడు ఒకటుంది. 1827లో మోబియస్ పునాది వేసిన సజాతీయ నిరూపకాలను 1960లలో ఎంఐటీలో లారెన్స్ రాబర్ట్స్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లోకి తెచ్చాడు. నాలుగో సంఖ్యగా బిందువుకు 1, దిశకు 0 పెడతారు. నాలుగు వరుసల మాత్రికతో గుణించినప్పుడు బిందువు జరుగుతుంది, దిశ తిరుగుతుందే తప్ప జరగదు. ఎంత చక్కని ఏర్పాటో! అయినా చాలా లైబ్రరీలు ఆ నాలుగో సంఖ్యను దాచేసి ఒక్క వెక్టర్3తోనే కాలం గడుపుతాయి. జావా 3డీ కోసం వచ్చిన వెక్‌మ్యాథ్ ప్యాకేజీలో బిందువుకు, వెక్టర్‌కు వేర్వేరు క్లాసులుండేవి. పీబీఆర్‌టీ అనే రెండరింగ్ వ్యవస్థ ఉపరితల లంబానికి కూడా విడిగా మూడో టైపు పెట్టింది. అది అవసరమే. గోళాన్ని ఒక వైపు సాగదీసినప్పుడు మామూలు వెక్టర్‌ను మార్చినట్టే లంబాన్నీ మారిస్తే అది ఉపరితలానికి లంబంగా ఉండదు. మాత్రిక విలోమానికి వ్యత్యయం (అడ్డ, నిలువు వరుసలు తారుమారు చేసిన రూపం) వాడాలి. టైపులు వేరుగా ఉంటే ఆ పని లైబ్రరీయే చేసిపెడుతుంది. రాయడానికి నాలుగక్షరాలు ఎక్కువైనా నా ఓటు ఈ పద్ధతికే.

వరుసలా, నిలువులా అన్న గొడవ ఇంకొకటి. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ మాత్రికను నిలువు వరుసల క్రమంలో మెమరీలో పెడుతుంది, సీ భాష అడ్డ వరుసల క్రమంలో. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వాళ్ల ఐరిస్ జీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ పత్రాలు వెక్టర్‌ను అడ్డంగా రాసేవి. దాని వారసుడిగా 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్, గణిత పుస్తకాల్లోలాగా నిలువుగా రాయడం మొదలుపెట్టింది. పాత ప్రోగ్రాములు చెడకుండా మెమరీ క్రమాన్నీ నిలువు వరుసలది అని ప్రకటించింది. రెండు మార్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి: పదహారు సంఖ్యల్లో స్థానభ్రంశం అప్పుడూ ఇప్పుడూ 13, 14, 15వ చోట్లలోనే ఉంది. అడ్డ వెక్టర్లు వాడే మైక్రోసాఫ్ట్ గ్రాఫిక్స్ లైబ్రరీ డైరెక్ట్3డీలోనూ అక్కడే. మెమరీ ఒకటే, పుస్తకంలో రాత వేరు. ఇది తెలియక అవసరం లేని చోట మాత్రికను తిరగేసి రోజులు పోగొట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇక అక్షాలు. త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో జెడ్ పైకి, కుడిచేతి పద్ధతి. యూనిటీలో వై పైకి, ఎడమచేతి పద్ధతి. ఎగుమతి సెట్టింగులు చూసుకోకపోతే నిలబడాల్సిన బొమ్మ వెల్లకిలా పడుకుంటుంది.

హామిల్టన్ ఓడిపోయాడనుకున్న చోటే ఆయన క్వాటర్నియన్లు తిరిగొచ్చాయి. మూడు కోణాలతో భ్రమణాన్ని చెబితే ఒక స్థితిలో రెండు అక్షాలు ఒకే గీత మీదికి వచ్చి ఒక స్వేచ్ఛ పోతుంది. దీన్నే గింబల్ లాక్ అంటారు. అపోలో నౌకల దిశా పరికరంలో మూడే గింబల్స్ (ఒక్కో అక్షం చుట్టూ తిరిగే చట్రాలు) ఉండేవి. ఆ స్థితి దగ్గరికి వెళ్లకుండా వ్యోమగాములు జాగ్రత్త పడాల్సి వచ్చేది. అపోలో 11లో మైకేల్ కాలిన్స్ క్రిస్మస్ కానుకగా నాలుగో గింబల్ పంపమని నేలమీది వాళ్లను అడిగాడు. క్వాటర్నియన్‌లో నాలుగు సంఖ్యలుండటం వల్ల ఆ ఇబ్బంది లేదు. 1985లో కెన్ షూమేక్ రాసిన వ్యాసం వాటితో ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు నున్నగా తిప్పడం ఎలాగో యానిమేషన్ వాళ్లకు నేర్పింది. ఈ రోజు క్వాటర్నియన్ లేని గేమ్ ఇంజిన్ దొరకడం కష్టం.

హార్డ్‌వేర్ కూడా నాలుగునే కోరుకుంది. 1999లో పెంటియం 3తో వచ్చిన ఎస్ఎస్ఈ రిజిస్టర్లలో 32 బిట్ల సంఖ్యలు నాలుగు పడతాయి. గ్రాఫిక్స్ కార్డుకు డేటా పంపే ఎస్‌టీడీ140 నియమాల్లో 12 బైట్ల త్రీడీ వెక్టర్ కూడా 16 బైట్ల హద్దు మీదే మొదలవ్వాలి. ఇది మరిచిపోయి వరుసగా సర్దితే రెండో వెక్టర్ నుంచే అన్నీ జరిగిపోతాయి.

ఆ 32 బిట్ల సంఖ్యకు కచ్చితత్వం 24 బిట్లే. భూమి కేంద్రం నుంచి కొలిస్తే హైదరాబాద్ వై నిరూపకం దాదాపు 60 లక్షల మీటర్లు. అంత పెద్ద సంఖ్య దగ్గర పక్కపక్క విలువల మధ్య అర మీటరు ఎడం ఉంటుంది. చార్మినార్ ముందు నడిచే మనిషిని అలా చూపిస్తే అడుగు వేయడు, గెంతుతాడు. 2022లో వచ్చిన అన్‌రియల్ 5 స్థానాలకు 64 బిట్లకు మారడం వెనుక ఉన్నది ఈ లెక్కే. కోణం కొలవడంలోనూ ఇలాంటి గుంట ఒకటుంది. రెండు వెక్టర్లు దాదాపు ఒకే దిశలో ఉంటే డాట్ ప్రోడక్ట్‌తో కోణం కనుక్కోవడంలో అంకెలు పోతాయి. అలాంటప్పుడు కామన్స్ మ్యాథ్ క్రాస్ ప్రోడక్ట్‌కు మారి సైన్ నుంచి కోణం రాబడుతుంది. వాడేవాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. మంచి లైబ్రరీ పనితనం నాకు ఇలాంటి చోట్లే కనబడుతుంది.

ఒప్పందాల దగ్గర మాత్రం దాచడం కన్నా అడగడమే మేలని లైబ్రరీలు ఆలస్యంగా తెలుసుకున్నాయి. భ్రమణం వెక్టర్‌ను తిప్పుతుందా, చుట్టూ ఉన్న అక్షాలను తిప్పుతుందా? రెంటికీ కోణం గుర్తు తారుమారవుతుంది. కామన్స్ మ్యాథ్ 3.6లో ఏ ఒప్పందమో చెప్పి తీరాల్సిన కొత్త కన్‌స్ట్రక్టర్లు (భ్రమణం వస్తువును తయారుచేసే ఫంక్షన్లు) తెచ్చి, పాతవాటిని వాడొద్దన్నారు. 2018లో పైథాన్ భాషకు చెందిన సైపై లైబ్రరీలో చేరిన భ్రమణాల క్లాసు క్వాటర్నియన్‌లో స్కేలార్‌ను చివర పెట్టింది. ఐగెన్ మెమరీలో చివరే ఉంచుతుంది గానీ, కన్‌స్ట్రక్టర్‌కు మాత్రం ముందు ఇవ్వాలి. 2024లో వచ్చిన సైపై 1.14లో స్కేలార్ ముందు కావాలా అని అడిగే ఐచ్ఛికం ఒకటి చేరింది. ఏమీ చెప్పకపోతే ఇప్పటికీ చివరే. హామిల్టన్ దాన్ని ముందే రాశాడు.