కొత్త కాంక్రీటును కోయడమెందుకు?

ఒక పాఠకుడు అడిగారు: “మా గోడౌన్ ముందు లారీలు తిరగడానికి ఆరంగుళాల మందాన కాంక్రీటు పోయించాం. సాయంత్రం పోశారు. మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు మెషీన్ తెచ్చి గళ్లుగళ్లుగా కోసేశాడు. లక్షలు పెట్టి వేయించినదాన్ని ఇలా కోస్తే బలం తగ్గదా?”

తగ్గదు. కోయకపోతే అదే పగిలేది, తనకిష్టమైన చోట.

ఎండాకాలంలో చెరువు అడుగును గుర్తు తెచ్చుకోండి. నీళ్లు పోయాక బురద పలకలు పలకలుగా విడిపోతుంది. దాని మీద ఏ బండీ తిరగలేదు, ఎవరూ కొట్టలేదు. పైపొర ఆరి కుంచించుకుపోవాలని చూస్తుంది. ఇంకా తడిగా ఉన్న కింది పొర దాన్ని వదలదు. ఆ గుంజులాటలో పైన చీలిక పడుతుంది. ఇంకాస్త దగ్గరగా చూస్తే, బురద పొర పల్చగా ఉన్నచోట పలకలు అరచేయంతే ఉంటాయి, మందంగా ఉన్నచోట పెద్దవిగా ఉంటాయి. అంచులు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. ఈ మూడూ కాంక్రీటుకు అచ్చంగా వర్తిస్తాయి.

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అది నీటితో జరిగే రసాయన చర్య. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటిని పట్టుకుని జిగురులాంటి కొత్త పదార్థంగా మారతాయి. సిమెంటు ముద్దను నీళ్లలో ముంచి ఉంచినా గట్టిపడుతుంది. బడిలో ఈ ఒక్క ప్రయోగం చేసి చూపిస్తే పిల్లలు జీవితంలో మర్చిపోరు. 100 కిలోల సిమెంటు రసాయనికంగా కట్టేసుకునే నీరు సుమారు 23 కిలోలే. పని సాగడానికి మనం 45 కిలోలో, అంతకన్నా ఎక్కువో కలుపుతాం. మిగిలిన నీరు సూక్ష్మ రంధ్రాల్లో ఉండి నెలల తరబడి ఆవిరవుతుంది. పోతూ పోతూ ఆ రంధ్రాల గోడలను లోపలికి లాగుతుంది. పని సులువు కావడానికి రెడీమిక్స్ లారీలో ఇంకో నాలుగు బకెట్ల నీళ్లు పోయించే మేస్త్రి బలాన్ని తగ్గిస్తున్నాడు, పగుళ్లనూ పెంచుతున్నాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. డిజైనుకు ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనికి మన భారతీయ ప్రమాణం, సూచించే కుంచింపు 0.0003. అంటే 10 మీటర్లకు 3 మిల్లీమీటర్లు. చాలా తక్కువనిపిస్తుంది. కానీ ఎం30 (30 మెగాపాస్కల్స్ నొక్కుడు తట్టుకునే రకం; మెగాపాస్కల్ ఒత్తిడికి కొలత) కాంక్రీటు స్థితిస్థాపక గుణకం, అంటే సాగదీస్తే అది ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె, సుమారు 27,400 మెగాపాస్కల్స్. ఆ 3 మిల్లీమీటర్లను పూర్తిగా అడ్డుకుంటే పుట్టే తన్యత ప్రతిబలం (లోపలి లాగుడు) 8 మెగాపాస్కల్స్ దాటుతుంది. అదే కాంక్రీటు వంపులో తట్టుకునేది దాదాపు 3.8. కాంక్రీటు నెమ్మదిగా సాగి కొంత సర్దుకుంటుంది, నేల కూడా పూర్తిగా బిగించి పట్టదు. అయినా పలక మరీ పొడవైతే పగులు తప్పదు.

మరి మర్నాడే కోయడమెందుకు, కుంచింపుకు నెలలు పడుతుంది కదా? మొదటి ప్రమాదం చల్లారడం నుంచి వస్తుంది. సిమెంటు చర్యలో వేడి పుడుతుంది. కాంక్రీటు వేడిగా ఉన్నప్పుడే గట్టిపడి, తర్వాత చల్లారుతుంది. ఒక్కో డిగ్రీకి పది లక్షలలో పది వంతులు కుంచించుకుంటుంది. 15 డిగ్రీలు తగ్గితే 0.00015, అంటే పైన చెప్పిన కుంచింపులో సగం, ఒక్క రాత్రిలోనే. అప్పటికి కాంక్రీటుకు బలమూ రాలేదు. అందుకే మే నెలలో అభిజిత్ లగ్నమని మిట్టమధ్యాహ్నం పోస్తే నాకు బాధేస్తుంది. సిమెంటు వేడి, ఎండ వేడి ఒక్కసారే కలుస్తాయి, రాత్రికి పడే తేడా మరీ పెరుగుతుంది. కొబ్బరికాయ ముహూర్తానికే కొట్టండి, కాంక్రీటు మాత్రం పొద్దు వాలాక పోయండి.

కోతకు అదను ముఖ్యం. తొందరపడితే అంచుల్లో కంకర ఊడొస్తుంది, ఆలస్యమైతే మెషీన్ రాకముందే పగులు వచ్చేస్తుంది. మామూలుగా, పోశాక 4 నుంచి 12 గంటల లోపు కోస్తారు. లోతు మందంలో కనీసం నాలుగో వంతు, అంటే ఆరంగుళాలకు సుమారు 40 మిల్లీమీటర్లు. గాట్ల మధ్య దూరం మందానికి 24 నుంచి 30 రెట్లు, అంటే 3.6 నుంచి 4.5 మీటర్లు. చెరువు బురద పాటించే సూత్రమే ఇది. మందమైన పలక అంచులు లేపుకోవడానికి అంత త్వరగా లొంగదు, కాబట్టి పెద్దదిగా ఉండగలదు. పలకలు చదరంగా ఉండాలి. సన్నగా పొడుగ్గా ఉన్న పలక మధ్యలో మళ్లీ విరుగుతుంది. స్తంభం మూలలు, మ్యాన్‌హోల్ మూలల దగ్గర పగులు మొదలవుతుంది కాబట్టి గాట్లు సరిగ్గా ఆ మూలలకు తగిలేలా గీయాలి.

ఇక బలం సంగతి. గాటు పైన మాత్రమే ఉంటుంది. దాని కింద పగులు వంకరటింకరగా, కంకర రాళ్లను చుట్టుకుంటూ దిగుతుంది. ఆ గరుకు ముఖాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, లారీ చక్రం బరువును పక్క పలకకు అందిస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే: పగులే అతుకు పని చేస్తుంది. రోజంతా భారీ లారీలు తిరిగే చోట ఇది చాలదు, గాటు కింద రెండు పలకలనూ కలుపుతూ నున్నని ఇనుప కడ్డీలు (డోవెల్స్) పెడతారు. అవి బరువును దాటిస్తాయి, పలక జరగడానికి అడ్డుపడవు. ఇనుప మెష్ వేస్తే పగుళ్లు రావని కొందరంటారు. మెష్ పగులును ఆపదు, వచ్చిన పగులు వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది. అదీ పై మూడో వంతులో ఉంటేనే. పోసేటప్పుడు కాళ్ల కింద పడి అడుక్కి చేరిన మెష్ ఉన్నా లేనట్టే.

కోసిన వెంటనే మడులు కట్టి నీళ్లు నిలపాలి, లేదా గోనె సంచులు కప్పి తడుపుతుండాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి, మన ఎండలకు 10 రోజులు. అప్పటికి కుంచింపు ఆగిపోదు, కానీ దాన్ని తట్టుకునే బలం వస్తుంది.

పలక బాగా ఆరాక గాట్లు శుభ్రం చేసి సీలెంట్ నింపండి. వదిలేస్తే ఇసుక, చిన్న రాళ్లు దూరతాయి. ఎండకు పలకలు వ్యాకోచించినప్పుడు అంచులు ఆ రాళ్ల మీద ఒరుసుకుని పెచ్చులూడతాయి. కింద నల్లరేగడి ఉంటే మరీ ముఖ్యం. గాట్లలోంచి దిగిన నీటికి ఆ మట్టి ఉబ్బి, పలక మూలలను ఎత్తేస్తుంది.