విడిగా కూర్చోబెట్టినా సమానమేనా?

అమెరికా రాజ్యాంగానికి 1868లో చేరిన 14వ సవరణ, ఎవరికీ ‘చట్టాల సమాన రక్షణ’ను ఏ రాష్ట్రమూ నిరాకరించరాదని చెప్పింది. (మన రాజ్యాంగం 14వ అధికరణంలోని ఆ మాట అక్కడినుంచి వచ్చిందే.) సమానత్వమంటే ఏమిటో మాత్రం సవరణ విడమరచలేదు. నల్లవారికి వేరే రైలు పెట్టె కేటాయించినా వసతులు సమానంగా ఉంటే చాలునని 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విభేదించింది జస్టిస్ హార్లాన్ ఒక్కరే.

దక్షిణాది బడులు ఆ తీర్పు నీడనే నడిచాయి, సమానమన్న షరతు కాగితం దాటకుండా. దక్షిణ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో తెల్లపిల్లలకు బడి బస్సులుండేవి, నల్లపిల్లలు మైళ్ల దూరం నడిచేవారు. వారి తల్లిదండ్రులు మొదట అడిగింది ఒక్క బస్సు.

బస్సులూ భవనాలూ లెక్కపెట్టడంతో వాదం ముగియదని 1950లో ఓక్లహామా విశ్వవిద్యాలయం కేసు చూపింది. కోర్టు ఉత్తర్వుతో డాక్టరేట్ కోర్సులో చేరిన నల్లజాతి విద్యార్థి జార్జ్ మెక్‌లారిన్‌ను మొదట తరగతి పక్క గదిలో కూర్చోబెట్టారు. గ్రంథాలయంలో విడి బల్ల, క్యాంటీన్‌లో వేరే వేళ. పాఠం అదే, గురువూ ఆయనే. అయినా తోటివారితో చర్చించే వీలు లేనప్పుడు చదువు కుంటుపడుతుందని సుప్రీంకోర్టు అంగీకరించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

నల్లవారి తరఫున వాదించిన న్యాయవాది థర్గుడ్ మార్షల్ బృందం దాన్ని పట్టుకుని ముందుకు సాగింది. కాన్సస్ రాష్ట్రం టొపీకాలో రెండు రకాల బడుల వసతులూ దాదాపు సమానమేనని కింది కోర్టు నిర్ధారించడంతో, తేల్చాల్సింది వేరుచేయడం న్యాయమా కాదా అన్నదొక్కటే అయింది. అది స్వతహాగానే అసమానమని 1954 మే 17న, బ్రౌన్ కేసులో, ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఏకగ్రీవ తీర్పు చదివారు. కానీ అమలుకు గడువు పెట్టక, 1955లో ‘తగినంత ఆలోచనతో కూడిన వేగం’ అన్నారు. ఆ మాటలోని సందును రాష్ట్రాలు బాగానే వాడుకున్నాయి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే పిల్లల్ని కలపడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది.

ఏ పిల్లవాణ్నీ రంగు చూసి ఎంచరాదన్నది బ్రౌన్ అర్థమా, విడిపోయిన బడులను కలపడానికి రంగును లెక్కలోకి తీసుకోవచ్చన్నదా? 2007లో సియాటిల్, లూయివిల్ బడుల కేసులో 5–4గా చీలిన న్యాయమూర్తులు, ఇరువైపులా బ్రౌన్ తీర్పునే ఆధారంగా చూపారు.