ఏడు బిట్ల దారిలో తెలుగు ఈమెయిల్

"తెలుగు" అన్న మాట కంటికి మూడు అక్షరాలే. లిపుల గుర్తులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికీ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 18 బైట్లు. ఇదే మాట ఈమెయిల్‌లో వెళ్లేటప్పుడు మామూలుగా 24 రోమన్ అక్షరాలుగానో, 54 అక్షరాలుగానో వేషం మార్చుకుంటుంది. అందుకున్న ప్రోగ్రాం ఆ వేషాన్ని సరైన వరసలో విప్పితేనే మనకు మళ్లీ "తెలుగు" కనిపిస్తుంది. వరస తప్పితే డబ్బాలూ ప్రశ్నార్థకాలూ మిగులుతాయి.

ఇంత తతంగానికి కారణం పాతది. ఈమెయిల్‌ను మోసుకెళ్లే ఎస్‌ఎంటీపీ పద్ధతినీ, ఉత్తరం రూపాన్నీ 1982లో ఆర్‌ఎఫ్‌సి 821, 822 అనే ఇంటర్నెట్ నియమాల పత్రాలు ఖాయం చేశాయి. వాటి ప్రకారం ఉత్తరమంటే ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలు (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) మాత్రమే. తెలుగు బైట్లన్నిటిలో ఎనిమిదో బిట్ కూడా వాడుకలో ఉంటుంది, కాబట్టి ఆ దారిలో వాటికి చోటు లేదు. నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో మైమ్ అనే ప్రమాణంతో దీనికి ఉపాయం చెప్పారు: దారిని మార్చకండి, సరుకును దారికి తగ్గట్టు మూటకట్టండి, మూట మీద ఎలా కట్టామో రాయండి. మూడు దశాబ్దాలు దాటినా పని ఈ ఉపాయం మీదే నడుస్తోంది. ఎనిమిది బిట్లను నేరుగా పంపే పొడిగింపులు తర్వాత వచ్చాయి గానీ, దారిలోని ప్రతి సర్వరూ వాటిని ఒప్పుకుంటేనే అవి పనిచేస్తాయి.

మూట మీద రెండు వేర్వేరు సంగతులు రాసి ఉంటాయి. ఈమెయిల్ ప్రోగ్రాముల్లో కనిపించే తప్పుల్లో చాలాభాగం ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే పుడుతుంది. మొదటిది కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్. బైట్లను ఏడు బిట్లలోకి ఎలా సర్దామో అది చెబుతుంది. రెండోది కంటెంట్-టైప్‌లో ఉండే చార్‌సెట్. ఆ బైట్లు ఏ లిపి పట్టిక ప్రకారం అక్షరాలవుతాయో అది చెబుతుంది. పంపేటప్పుడు అక్షరాలను ముందు బైట్లుగా, ఆ బైట్లను తర్వాత మూటగా మారుస్తాం. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి, ముందు మూట విప్పి బైట్లు తీసి, ఆపైనే అక్షరాలు చదవాలి.

మూటకట్టడానికి వాడే పద్ధతులు ముఖ్యంగా రెండు. బేస్64 మూడు బైట్లను తీసుకుని నాలుగు అక్షరాలుగా రాస్తుంది, వరసకు 76 అక్షరాలు మించనివ్వదు. వరస చివరి గుర్తులతో కలిపితే అసలు సైజు మీద దాదాపు 37 శాతం పెరుగుతుంది. 25 ఎంబీ పరిమితి ఉన్న చోట 20 ఎంబీ ఫైలు వెనక్కి రావడానికి ఇదే కారణం: మూటకట్టేసరికి అది 27 ఎంబీ దాటుతుంది. రెండోది కోటెడ్-ప్రింటబుల్. ఇది ఆస్కీ అక్షరాలను దాదాపుగా అలాగే ఉంచి, మిగతా ఒక్కో బైటును సమానం గుర్తు, రెండు హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్) కలిపి మూడు అక్షరాలుగా రాస్తుంది. ఎక్కువభాగం ఇంగ్లిషు, అక్కడక్కడా ఒకటి రెండు పరాయి అక్షరాలు ఉన్న ఉత్తరానికి ఇది చక్కగా సరిపోతుంది. తెలుగుకు మాత్రం ఇది దండగ, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది. తెలుగు ఉత్తరానికి బేస్64 వాడటమే మేలు.

తెలుగులోని ప్రతి యూనికోడ్ గుర్తూ యూటీఎఫ్-8లో, హెక్స్ అంకెల్లో రాస్తే, ఈ0 బీ0 అనో, ఈ0 బీ1 అనో మొదలయ్యే మూడు బైట్లు. బేస్64 కూడా మూడేసి బైట్లనే ఒక గుంపుగా తీసుకుంటుంది. అందువల్ల తెలుగు మాటతో మొదలయ్యే బేస్64 ముద్దలో, మొదటి ఖాళీ వచ్చేదాకా, ప్రతి నాలుగు అక్షరాల గుంపూ "4ఎల్‌సీ" అనో "4ఎల్‌జీ" అనో మొదలవుతుంది. ఖాళీ ఒక్క బైటే కాబట్టి ఆ తర్వాత గుంపులు పక్కకు జరిగి ఈ పోలిక పోతుంది. అయినా విప్పని ముద్దను చూసి "లోపల తెలుగుంది, యూటీఎఫ్-8లోనే ఉంది" అని కంటిచూపుతో చెప్పడానికి ఇది చాలు. లోపం వెతికేటప్పుడు ఎంతో అక్కరకొస్తుంది.

సబ్జెక్ట్ వరసకూ, పేర్లకూ వేరే నియమం ఉంది, ఆర్‌ఎఫ్‌సి 2047లో. అక్కడ మూట మీది చీటీ కూడా మాటలోనే కలిసి ఉంటుంది: సమానం గుర్తు, ప్రశ్నార్థకం, చార్‌సెట్ పేరు, ప్రశ్నార్థకం, బీ (బేస్64) లేదా క్యూ (కోటెడ్-ప్రింటబుల్ లాంటిది) అనే అక్షరం, ఇంకో ప్రశ్నార్థకం, ఆపైన సరుకు, చివర మళ్లీ ప్రశ్నార్థకం, సమానం. ఇలాంటి ఒక్కో ముక్క 75 అక్షరాలు మించకూడదు. యూటీఎఫ్-8, బేస్64 అయితే చీటీకే 12 అక్షరాలు పోతాయి. మిగిలిన 63లో నాలుగేసి గుంపులుగా 60 పడతాయి, అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. అంతకన్నా పొడవైన సబ్జెక్ట్ రెండు మూడు ముక్కలవుతుంది. ముక్కల మధ్య వచ్చే ఖాళీని చదివేవాళ్లు వదిలేయాలి, నిజంగా ఖాళీ కావాలంటే దాన్ని ముక్క లోపలే పెట్టాలి. ఒక గుర్తు తాలూకు మూడు బైట్లను రెండు ముక్కల మధ్య చీల్చకూడదు కూడా. చేత్తో రాసిన ప్రోగ్రాములు తప్పేది ఇక్కడే. బైట్లను 45 దగ్గర కాకుండా ఎక్కడబడితే అక్కడ కోస్తాయి, సబ్జెక్ట్ నడుమ ఒక అక్షరం పోయి దాని చోట వజ్రంలో ప్రశ్నార్థకం వెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ చేత్తో వేయనక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఈమెయిల్ లైబ్రరీ వీటిని చూసుకుంటుంది, కానీ దానికి రెండు ముఖాలున్నాయి. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని, ఏమీ చెప్పకపోతే అది కంపాట్32 అనే పాత పద్ధతిలోనే ఉత్తరాన్ని చదువుతుంది. అప్పుడు సబ్జెక్ట్ అడిగితే విప్పని మూటే చేతికొస్తుంది. దాన్ని డీకోడ్ హెడర్ ఫంక్షన్‌కు ఇచ్చి, ముక్కముక్కకూ చార్‌సెట్ చూసి, మనమే అతికించుకోవాలి. మెసేజ్ ఫ్రమ్ బైట్స్ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు పాలసీగా, అంటే చదివే పద్ధతిగా, డిఫాల్ట్ అనే పేరున్నదాన్ని ఇస్తే సబ్జెక్ట్ నేరుగా తెలుగులో వస్తుంది. ఈ కొత్త ముఖం పైథాన్ 3.6 నుంచి స్థిరపడింది. కొత్తగా రాసే ఏ ప్రోగ్రాంలోనైనా పాలసీ చెప్పకుండా వదలడానికి కారణమేదీ నాకు కనిపించదు.

ఫంక్షన్ పేరులోని "బైట్స్" అన్న మాట కూడా ముఖ్యమే. ఫైలును టెక్స్టుగా తెరిచి స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) చదివితే, ఉత్తరం ఏ చార్‌సెట్‌లో ఉందో తెలియకముందే ఒక చార్‌సెట్ ఊహించేసినట్టు. ఒకే ఉత్తరంలో ఒక భాగం యూటీఎఫ్-8లో, మరో భాగం ఇంకోదానిలో ఉండొచ్చు. ఫైలును బైనరీగానే తెరవాలి, లైబ్రరీకి బైట్లే ఇవ్వాలి.

ఉత్తరం లోపల సాధారణంగా ఒక చెట్టు ఉంటుంది: మామూలు టెక్స్టు, దానికి జతగా వెబ్‌పేజీల రూపమైన హెచ్‌టీఎంఎల్, పక్కన జోడింపులు. గెట్ బాడీని ప్లెయిన్, హెచ్‌టీఎంఎల్ అనే ప్రాధాన్య క్రమంతో పిలిస్తే తగిన కొమ్మ దొరుకుతుంది. ఏదీ లేకపోతే నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) వస్తుంది, దాన్ని తనిఖీ చేయాలి. ఆ కొమ్మ మీద గెట్ కంటెంట్ పిలిస్తే మూట విప్పడం, అక్షరాలు చదవడం అనే రెండు మెట్లూ దిగి స్ట్రింగ్ చేతికిస్తుంది. చార్‌సెట్ రాయని ఉత్తరాన్ని అది ఆస్కీగా చదువుతుంది, చదవలేని ప్రతి బైటు చోటా ప్రశ్నార్థకపు వజ్రం పెడుతుంది, తప్పని చెప్పదు. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు వజ్రాలు కనిపిస్తే ఇదే జరిగిందని అనుమానించవచ్చు. పైథాన్‌కు తెలియని చార్‌సెట్ పేరు ఉంటే మాత్రం లుకప్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగుతుంది.

రెండిటికీ మందు ఒకటే. గెట్ పేలోడ్‌ను డీకోడ్ ట్రూ అని పిలిస్తే మూట మాత్రం విప్పి బైట్లు ఇస్తుంది. వాటిని యూటీఎఫ్-8గా, తప్పును క్షమించని పద్ధతిలో చదవడానికి ప్రయత్నించండి. యూటీఎఫ్-8 నియమాలు కఠినమైనవి, వేరే లిపి పట్టికలో రాసిన పాఠం పొరపాటున ఆ పరీక్ష దాటడం అరుదు.

చీటీ మీద తప్పు చార్‌సెట్ ఉన్నప్పుడు ఇంకో రకం పాడు జరుగుతుంది. తెలుగు బైట్లను పశ్చిమ ఐరోపా భాషల పట్టిక ఐఎస్‌ఓ 8859-1గా చదివితే, తల మీద వాలు గీత ఉన్న రోమన్ అక్షరం, దాని వెంట డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో, పేజీ పొడుగునా వస్తూనే ఉంటాయి. చూడటానికి ఘోరంగా ఉన్నా ఏమీ పోలేదు. ఆ పట్టికలో 256 బైట్లకూ చోటుంది కాబట్టి, అదే పట్టికతో వెనక్కి బైట్లుగా మార్చి యూటీఎఫ్-8గా చదివితే పాఠం అక్షరం పొల్లుపోకుండా తిరిగొస్తుంది. దాన్ని పోలిన మరో పట్టిక విండోస్-1252గా చదివితే మాత్రం కథ వేరు. పైథాన్ పట్టికలో, హెక్స్ అంకెల్లో, 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే ఐదు బైట్లకు అర్థమే లేదు. తెలుగు కొమ్ము చివరి బైటు 81. పొల్లు చివరి బైటు 8డీ, ఒత్తున్న ప్రతి అక్షరంలోనూ పొల్లు దాగి ఉంటుంది. ఏ, ఐ, ఝ అక్షరాలు మిగతా మూడింటికి చిక్కుతాయి. అలా చదివి వజ్రాలు పెట్టి డేటాబేస్‌లో దాస్తే కొమ్ములూ ఒత్తులూ శాశ్వతంగా పోతాయి. భాషకు వెన్నెముకలాంటివే ముందుగా పోవడం బాధాకరం. చదివిన స్ట్రింగ్‌తో పాటు అసలు బైట్లనూ ఎప్పుడూ దాచాలనేది అందుకే.

రాసే వైపు పని తేలిక. ఈమెయిల్ మెసేజ్ వస్తువును సృష్టించి, సబ్జెక్ట్, ఫ్రమ్, టు నింపి, సెట్ కంటెంట్‌కు తెలుగు పాఠం ఇస్తే చార్‌సెట్ యూటీఎఫ్-8గా తనే రాసుకుంటుంది. ఒక చిన్న చిక్కు: ప్రతి వరసా 78 బైట్ల లోపే ఉంటే, డిఫాల్ట్ పాలసీలో అది బేస్64 కాకుండా ఎనిమిది బిట్ల పద్ధతిని ఎంచుకుంటుంది. దారి మీద నమ్మకం లేకపోతే సీటీఈ (కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్) అనే విలువను బేస్64 అని స్పష్టంగా ఇవ్వండి. యాడ్ ఆల్టర్నేటివ్‌తో హెచ్‌టీఎంఎల్, ఆ తర్వాతే యాడ్ అటాచ్‌మెంట్‌తో ఫైళ్లు జోడించాలి. సబ్జెక్ట్‌లోకి వాడుకరి ఇచ్చిన పాఠం వెళ్తుంటే అందులో కొత్త వరస గుర్తు ఉందేమో చూడండి, ఉంటే లైబ్రరీ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. అది మంచికే. ఆ గుర్తు చాటున దొంగ హెడర్లు (సబ్జెక్ట్ లాంటి తల వరసలు) చొప్పించే దాడి ఒకటుంది.

పాడైన ఉత్తరం వచ్చినా లైబ్రరీ సాధారణంగా కూలిపోదు. భాగాలు ముగిశాయని చెప్పే సరిహద్దు గుర్తు లేకపోయినా, బేస్64 చివర తెగిపోయినా దొరికినంత చదివి, తప్పును డిఫెక్ట్స్ జాబితాలో రాసిపెడుతుంది. చదివిన ప్రతి భాగంలోనూ ఆ జాబితాను చూసి లాగ్‌లో రాయండి, లేకపోతే సగం జోడింపును పూర్తి ఫైలని నమ్మేస్తారు. జోడింపు పేరును గెట్ ఫైల్‌నేమ్ తెలుగులోనే ఇస్తుంది, కానీ ఆ పేరు పంపినవాళ్ల ఇష్టం. అందులో ఫోల్డరు దాటించే చుక్కలూ గీతలూ ఉండొచ్చు, దాన్నే దారిగా తీసుకుని డిస్కు మీద రాయకూడదు.

చదివిన ఉత్తరాన్ని తిరిగి బైట్లుగా మార్చి ముందుకు పంపే ప్రోగ్రాములకు ఇంకో జాగ్రత్త కావాలి. డిఫాల్ట్ పాలసీ పొడవైన హెడర్లను మళ్లీ మడిచి రాస్తుంది. అర్థం మారకపోయినా బైట్లు మారొచ్చు, అప్పుడు పంపినవాళ్ల డీకేఐఎం సంతకం (ఉత్తరం దారిలో మారలేదని చూపే డిజిటల్ ముద్ర) చెల్లకుండా పోవచ్చు. అలాంటి చోట మారకుండా ముందుకు వెళ్లాల్సింది మొదట అందిన బైట్లే. లైబ్రరీ ఇచ్చిన వస్తువును చదవడానికి మాత్రమే వాడుకోవాలి.