‘వాతావరణ శరణార్థి’ వీసా: అపోహలు, వాస్తవాలు

సముద్రం ఊరిని మింగేస్తే విదేశంలో శరణార్థిగా వీసా దొరుకుతుందా అన్న ప్రశ్నతో ఈ ఏడాది సలహా కోసం నా దగ్గరకు వచ్చినవారిలో ఈ యువకుడు నాలుగోవాడు. ఉప్పాడ తీరంలో సొంత ఇల్లు సముద్రంలో కలిసిపోయాక, తల్లిని వెంటబెట్టుకొని హైదరాబాద్ వచ్చి, బోరబండలో ఒక గది అద్దెకు తీసుకొని ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. “మీ ఊరు మునిగిపోతోంది కాబట్టి న్యూజిలాండ్‌లో వాతావరణ శరణార్థిగా దరఖాస్తు చేసుకోవచ్చు, ఐక్యరాజ్యసమితే తీర్పిచ్చింది” అని చెప్పి ఒక కన్సల్టెన్సీ వారు అతని చేత లక్షన్నర కట్టించుకున్నారు. ఆ తీర్పు గురించిన పత్రికా కథనాన్ని నా ముందు పెట్టి, “ఇందులో రాసే ఉంది కదండీ మేడమ్ గారూ” అన్నాడు.

ఆ కథనం పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపదేశం కిరిబాటికి చెందిన ఇయోవానె టెయిటియోటా కేసుకు సంబంధించినది. సముద్రమట్టం పెరిగి తన ద్వీపం నివాసయోగ్యం కాకుండా పోతోందని ఆయన న్యూజిలాండ్‌లో శరణు కోరారు. అక్కడి సుప్రీంకోర్టు 2015లో కాదన్నది; అదే ఏడాది ఆయనను స్వదేశానికి పంపేశారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ సైతం, 2020 జనవరిలో వెలువడిన నిర్ణయంలో, ఆయన జీవించే హక్కుకు భంగం కలగలేదనే తేల్చింది. అంటే ఆయన ఓడిపోయారు. పరిస్థితి ప్రాణానికే ముప్పుగా మారిన చోటికి మనిషిని తిప్పి పంపడం మున్ముందు హక్కుల ఉల్లంఘన కావచ్చని కమిటీ అన్న ఒక్క మాట మాత్రం పత్రికల శీర్షికలకెక్కింది. ఆ శీర్షికనే మన బ్రోకర్లు అప్పటి నుంచీ అమ్ముకుంటున్నారు.

1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాలలో ఏదో ఒకదాని వల్ల వేధింపులకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉన్నవారే శరణార్థులు. సముద్రం ఎవరినీ మతం అడిగి ముంచదు. పైగా ఈ యువకుడికి ఆ ఒప్పందం కన్నా పెద్ద అడ్డంకి బోరబండలోని గదే. సొంత దేశంలో మరోచోట క్షేమంగా బతికే వీలున్నవారికి శరణు దొరకదు. హైదరాబాద్ అద్దె ఒప్పందమూ ఇక్కడి జీతం స్లిప్పులూ జతచేసి దరఖాస్తు పెట్టడమంటే, ఆ వీలు తనకుందని స్వయంగా రుజువు చేసుకోవడమే. ఒకసారి తిరస్కరణకు గురైతే, చాలా దేశాల వీసా దరఖాస్తులలో ఆ సంగతి రాయవలసి వస్తుంది కనుక, రేపు న్యాయంగా దొరకగల ఉద్యోగ వీసాకు కూడా అదే గండమవుతుంది. మరో పసిఫిక్ ద్వీపదేశమైన తువాలు వారికి ఆస్ట్రేలియా వీసాలిస్తున్నది కదా అని అడుగుతారు. అది 2024లో అమలులోకి వచ్చిన రెండు దేశాల ఒప్పందం. తువాలు పౌరులకే, ఏడాదికి 280 మందికే వర్తిస్తుంది. అందులోనూ శరణార్థి హోదా అన్న మాట లేదు.

పోయిన లక్షన్నర కన్నా నన్ను బాధించింది మరొకటి ఉంది. ఇల్లు ఏ రోజు పడిందని అడిగితే, తుఫాను అలలకు సముద్రం వైపు గోడ పడిందనీ, మిగిలినది రెండు వారాల తరవాత మామూలు పోటుకే పోయిందనీ చెప్పాడు. ఈ తేడా చాలా పెద్దది. కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, తీరపు కోత లేదు. తుఫాను వల్ల ఇల్లు పూర్తిగా కూలినట్లు పంచనామాలో ఉంటే, రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి సాయం వస్తుంది; 2022-26 నిబంధనలు దానిని మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలుగా నిర్ణయించాయి. కోత వల్ల అని రాస్తే, రాష్ట్ర ప్రభుత్వం దానిని స్థానిక విపత్తుగా ప్రకటించి, ఆ నిధిలో పది శాతం పరిమితికి లోబడి ఇస్తేనే సాయం అందుతుంది. గోడ పడిన రోజున వీఆర్వో చేత నమోదు చేయించవలసిన వాళ్లు, అప్పటికే బ్రోకరు మాట నమ్మి, పాస్‌పోర్టు కోసం తిరుగుతున్నారు.

వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. మా తాతగారు 1972 కరువులో పాలమూరు నుంచి తాపీ మేస్త్రీల ముఠాతో ఈ నగరానికి వచ్చారు. ఆయనను శరణార్థి అని ఎవరూ అనలేదు, వలస కూలీ అన్నారు. ఆ మాటకు ఒక రూపాయి సాయం కూడా రాలేదు. పెద్ద పేరున్న హోదా ఏదో ఎక్కడో ఉందంటే మనిషికి ఆశ కలగడం సహజం.

మిగతా అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. 2013 భూసేకరణ చట్టం కింద పునరావాసం వస్తుందన్నది అపోహ. ప్రభుత్వం భూమి తీసుకున్నప్పుడే అది వర్తిస్తుంది, సముద్రం భూసేకరణ నోటిఫికేషన్ ఇవ్వదు. బట్టమేక పిట్ట సంరక్షణ కేసులో 2024లో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణను హక్కుగా గుర్తించిన మాట నిజమే కానీ, ఆ తీర్పు కాపీ చూపిస్తే ఎవరూ ఇల్లివ్వరు. ఊరు విడిచితే రేషన్ పోతుందన్నది తప్పు. ఆంధ్ర కార్డు మీద తెలంగాణలో బియ్యం తీసుకునే వీలు 2019 నుంచే ఉంది. పట్టా లేకపోతే ఏమీ రాదన్నది మాత్రం పూర్తిగా అపోహ అనలేను: ఇంటి సాయానికి అది అనుమతి పొందిన నిర్మాణమై ఉండాలని నిబంధన ఉంది. అయితే 2005 విపత్తు నిర్వహణ చట్టం చెప్పే ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం బాధితులందరికీ ఉద్దేశించినవి. వాటికి పట్టా అడగకూడదు. లాయరు ఫీజుకు భయపడి ఆగిపోయేవారికి ఇంకొక మాట: వరద, కరువు వంటి విపత్తుల బాధితులకు 1987 న్యాయసేవల చట్టం ఉచిత న్యాయసహాయం ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఆ యువకుడి విషయంలో, గోడ పడిన రోజున పక్కింటివారు ఫోనులో తీసిన వీడియోను తేదీతో సహా జతచేసి, ఆ గోడ తుఫానుకే పడిందని పంచనామాలో సవరించాలని కోరుతూ తహసీల్దారుకు అర్జీ పంపించాము. కన్సల్టెన్సీ ఇచ్చిన రశీదులో “డాక్యుమెంటేషన్ చార్జీలు” అని మాత్రమే ఉంది, వీసా ఊసే లేదు. అయినా వాట్సాప్‌లో వాళ్లు పంపిన సందేశాలు అతడు చెరిపేయలేదు కనుక, రెండేళ్ల గడువులోపే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాము.