నోటిపూత మీద తైలం నిలవడం వెనుక కథ

నోటిపూతకు మందు దొరకడం కన్నా, రాసిన మందు పుండు మీద నిలవడం కష్టం. నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నాలుక ఊరుకోదు. చుక్క తైలం రాస్తే నిమిషాల్లో మింగుడైపోతుంది. అందుకే తైలాన్ని పుండుకు అంటుకునే పలుచటి పొరలో, అంటే ఫిల్మ్‌లో, పెట్టి చూస్తున్నారు.

సుగంధ తైలాల వైపు కథ పాతదే. వాటిలోని క్రిమినాశక పదార్థం థైమాల్‌ను 1719లో కాస్పర్ న్యూమన్ వేరు చేశాడు. 1879లో వచ్చిన క్రిమినాశక ద్రవం లిస్టరిన్‌లో థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్ ఉన్నాయి. కానీ దాన్ని పుక్కిలించడం అర నిమిషం పని, తర్వాత పుండు మీద నిలవదు. లవంగ నూనెలోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది, కానీ చిక్కగా రాస్తే కణాల పొరలోకి దూరి వాటిని చంపుతుంది. పలుచన చేస్తే కొట్టుకుపోతుంది. ఈ ఇరకాటాన్ని తైలం ఒక్కటే దాటలేకపోయింది.

జీవపాలిమర్ల (జీవుల నుంచి దొరికే పొడవాటి గొలుసు అణువుల) వైపు నుంచి దారి తెరుచుకుంది. బ్రకోనో 1811లో పుట్టగొడుగుల్లో అలాంటి పదార్థమైన కైటిన్‌ను గుర్తించాడు. 1859లో రూజే దాన్ని గాఢ క్షారంలో మరిగిస్తే ఆమ్లంలో కరిగే పదార్థం వచ్చింది. దానికి 1894లో హోప్-సైలర్ కైటోసాన్ అని పేరు పెట్టాడు. దానిది ధనావేశం, నోటి శ్లేష్మంలోని జిగురు ప్రోటీన్ మ్యూసిన్‌ది రుణావేశం, అందుకే అంటుకుంటుంది. జెలటిన్, పెక్టిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపిన పేస్టులు 20వ శతాబ్దంలోనే నోట్లో నిలిచి చూపించాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు 0.1 శాతం ట్రయామ్సినలోన్‌ను మోసినవి అవే.

తైలం నింపిన కైటోసాన్ ఫిల్మ్ తయారుచేసే ఇప్పటి ప్రయోగశాల పద్ధతి ఇలా ఉంటుంది: 1 శాతం అసిటిక్ ఆమ్లంలో 2 శాతం కైటోసాన్‌ను రాత్రంతా కలిపి వడకట్టాలి. మెత్తదనానికి గ్లిజరాల్ చేర్చాలి. తైలాన్ని ముందు, నూనెను నీటిలో కలిసేలా చేసే ట్వీన్ 80తో కలిపి, చుక్కచుక్కగా పోస్తూ హోమోజనైజర్‌తో బాగా చిలకాలి. బుడగలు పోయాక పళ్లెంలో పలుచగా పోసి 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి.

చెడేది ఎక్కువగా ఇక్కడే. ట్వీన్ చాలకపోతే తైలం బొట్లుగా తేలి, ఫిల్మ్‌లో అక్కడక్కడ చిక్కబడి పుండును మండిస్తుంది. వేడి ఎక్కువైతే తైలం ఆవిరవుతుంది. కాబట్టి పోసిన మోతాదును నమ్మకుండా, ఆరిన ఫిల్మ్‌లో ఎంత మిగిలిందో గ్యాస్ క్రొమటోగ్రఫీతో (ఆవిరయ్యే పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతితో) కొలవాలి. మిగిలిపోయిన అసిటిక్ ఆమ్లమూ చురుక్కుమంటుంది. అలాగని క్షారంతో ఆ ఆమ్లాన్ని పూర్తిగా తటస్థం చేస్తే, పీహెచ్ 6.5 దాటాక కైటోసాన్ ఆవేశం తగ్గి పట్టు వదులుతుంది.

ఫలితాలు చదివేటప్పుడు మేం మొదట చూసేది ఒక్కటే: తైలం లేని ఖాళీ ఫిల్మ్‌తో పోల్చారా? పుండును కప్పడంతోనే నొప్పి తగ్గుతుంది. పైగా చిన్న పూతలు 7 నుంచి 14 రోజుల్లో వాటంతటవే మానతాయి. మూడు వారాలు దాటినా మానని పుండుకు ఏ ఫిల్మూ అంటించకుండా వైద్యుడికి చూపించాలి.