‘కేసు కొట్టేశారు కదా సార్’: అమెరికా డిపోర్టేషన్‌పై అపోహలు, వాస్తవాలు

చెన్నై టి. నగర్‌లోని మా కార్యాలయానికి అమెరికాలో ఉన్న పిల్లల కేసు కాగితాలు పట్టుకుని వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది నెల్లూరు, తిరుపతి వైపు వారే. ఆ కాగితాలను చదివి, అక్కడి న్యాయవాదికి అందేలా సిద్ధం చేయడం నా పని. వచ్చినవారు కుర్చీలో సర్దుకోకముందే అడిగే మాట ఒకటుంది: “కేసు కొట్టేశారు కదా సార్, ఇక భయం లేదు కదా?” డిపోర్టేషన్ (దేశం నుంచి పంపించివేత) విషయంలో కొంపలు ముంచే అపోహల్లో దీన్ని మించినది నేను చూడలేదు.

క్రిమినల్ కోర్టు కొట్టివేసిన కేసు ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో కన్విక్షన్‌గానే మిగిలిపోవచ్చు. ‘దోషిగా తేలడం’ అని అర్థమొచ్చే ఆ పదానికి అమెరికా కాంగ్రెస్ 1996లో ప్రత్యేకమైన నిర్వచనం ఇచ్చింది. నిందితుడు నేరం ఒప్పుకున్నా, ‘నో కాంటెస్ట్’ (నేరం ఒప్పుకోను, కానీ ఎదిరించను) అన్నా, దానిపై న్యాయమూర్తి జరిమానా, ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో ఉంచడం) వంటి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే చాలు. దోషి అని ప్రకటించడాన్ని వాయిదా వేసినా, గడువు సజావుగా ముగిశాక కేసును మూసివేసినా అది కన్విక్షనే. టెక్సస్‌లో మన పిల్లలు ఊరటగా భావించే ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. తరువాత రాష్ట్ర చట్టం కింద రికార్డు చెరిపించుకున్నా సాధారణంగా ప్రయోజనం ఉండదు. విచారణలోనే చట్టపరమైన లోపం ఉందని తీర్పును రద్దు చేయించుకోవడం, కోర్టులో నేరం ఒప్పుకోకుండా డైవర్షన్ (విచారణకు బదులు కొన్ని షరతులు పూర్తిచేయడం) మార్గంలో బయటపడటం మాత్రం వేరు; అవి సాధారణంగా ఈ లెక్కలోకి రావు. అందుకే నేను మొదట అడిగేది కేసు కొట్టివేసిన ఉత్తర్వును కాదు, ప్లీ కాగితాన్ని, అంటే అభియోగానికి నిందితుడు కోర్టులో ఇచ్చిన జవాబు పత్రాన్ని.

నెల్లూరు జిల్లా నుంచి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఆ ఉత్తర్వును లామినేషన్ చేయించి మరీ తెచ్చారు. గ్రీన్‌కార్డు ఉన్న ఆయన కుమారుడు టెక్సస్‌లో కొద్ది గ్రాముల గంజాయితో పట్టుబడి, నేరం ఒప్పుకుని, ప్రొబేషన్ పూర్తిచేశాడు. కొన్నేళ్ల తరువాత చెల్లెలి పెళ్లికి వచ్చి తిరిగి వెళ్తే విమానాశ్రయంలో ఆపి, ఇమ్మిగ్రేషన్ కోర్టుకు హాజరు కమ్మని నోటీసు చేతికిచ్చారు. సొంత వాడకానికి 30 గ్రాములలోపు గంజాయి ఒక్కసారి దొరికితే, దేశంలోపల ఉన్నవారిని ఆ కారణంతో పంపించే వీలు లేకుండా చట్టంలో మినహాయింపు ఉంది. కానీ అటువంటి కేసున్న గ్రీన్‌కార్డుదారు దేశం దాటి తిరిగి వస్తే, కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా లెక్కిస్తారు, అక్కడ ఆ మినహాయింపు వర్తించదు. వేవర్ (ప్రత్యేక మాఫీ) కోసం దరఖాస్తు చేసుకునే దారి ఉంది కనుక మాస్టారికి ధైర్యం చెప్పగలిగాను. పెళ్లికి రాకుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదన్న మాట మాత్రం ఆయన ముందు నా నోట రాలేదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. గ్రీన్‌కార్డు రక్షణ కవచం కాదు. పౌరసత్వం రానంతవరకు డిపోర్టేషన్ నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ పుట్టిన బిడ్డ ఉన్నంత మాత్రాన కేసు ఆగిపోదు. చిన్న షాప్‌లిఫ్టింగ్ అని తేలికగా తీసుకోకూడదు: అమెరికాలో ప్రవేశం పొందిన ఐదేళ్లలోపు చేసిన దొంగతనానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష వేసే వీలు చట్టంలో ఉంటే, ఒక్కరోజు కూడా జైలుకు వెళ్లకపోయినా డిపోర్టేషన్‌కు గురికావచ్చు. దొంగతనం కేసులో ఏడాది శిక్ష వేసి దాన్ని అమలు చేయకుండా నిలిపివేసినా, చట్టం దాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలనీ’ (ఇమ్మిగ్రేషన్ చట్టంలో తీవ్ర నేరాల వర్గం) కిందే లెక్కిస్తుంది.

ఇక వాట్సాప్‌లో తిరిగే ‘ఒక్క డీయూఐ (మత్తులో వాహనం నడిపిన కేసు) పడితే డిపోర్టే’ అన్న మాట విని రాత్రంతా నిద్రపోని తల్లులను చూశాను; ఆ మాటను పుట్టించినవారిపై నాకు జాలి లేదు. ఎవరికీ గాయాలు కాని మామూలు డీయూఐ ఒక్కటి సాధారణంగా దానంతట అదే డిపోర్టేషన్‌కు కారణం కాదు. దాని వల్ల వీసా స్టాంపు రద్దు కావచ్చు, కానీ స్టాంపు రద్దు వేరు, డిపోర్టేషన్ వేరు.

ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం తన ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వదు. అయితే నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పు ఉందో లేదో క్లయింటుకు చెప్పడం క్రిమినల్ న్యాయవాది బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో తేల్చింది. కాబట్టి ప్లీ మీద సంతకం పెట్టకముందే పిల్లలు ఆ ప్రశ్న అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోవాలి. సంతకం అయిపోయినవారు టికెట్టు కొనకముందే ప్లీ కాగితం, అభియోగపత్రం, శిక్ష ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలను కోర్టు క్లర్కు దగ్గర తీసుకుని ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి చూపించాలి.