కొత్త కత్తి, కొత్త చెయ్యి

కొత్తగా కొన్న మంగలి కత్తిని డబ్బాలోంచి తీయగానే ఎవరైనా ముందు చేసే పని, అంచుకి అడ్డంగా బొటనవేలు ఆనించి చూడడం. నేనూ అదే చేశాను. వేలి చర్మానికి గరగరా తగిలింది. కాగితం కోస్తే సర్రున తెగింది. ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు నున్నగా పోయాయి. ఇంకేం కావాలనుకుని ముఖానికి నురగ పట్టించాను. బుగ్గ మీద మొదటిసారి గీయగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కత్తి వెంట్రుకలను కోయడం లేదు, పట్టుకుని పీకుతోంది. కాస్త గట్టిగా నొక్కాను. దవడ కింద పడిన ఎర్రటి గీత మానడానికి వారం పట్టింది.

పదును ఎక్కువై తెగిందన్నారు ఇంట్లోవాళ్లు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, పదును చాలకే తెగింది.

ఈ కత్తి జోలికి కొత్తగా వచ్చేవాళ్లందరిదీ ఒకటే టెన్షన్. మరీ పదునుగా ఉంటే ముఖం కోసుకుంటామేమో, కొంచెం మొండిదైతే నేర్చుకోవడానికి మంచిదేమో అని. ఈ లెక్క తలకిందులు. ఎందుకో తెలియాలంటే ముందు వెంట్రుక సంగతి చూడాలి.

గడ్డం వెంట్రుక మందం ఇంచుమించు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. గడ్డి కోసేటప్పుడు ఒక చేత్తో గుప్పిట పట్టుకుని రెండో చేత్తో కొడవలి లాగుతాం. వెంట్రుకను అలా పట్టుకునే చెయ్యి లేదు. కింద కుదురొక్కటే ఆధారం, పైకొస వదులు. కాబట్టి కత్తి తగలగానే అది వంగిపోవాలని చూస్తుంది. వంగేలోపే తెగాలి. చక్కగా సాన పట్టిన అంచు కొస అర మైక్రాన్ కన్నా సన్నగా ఉంటుంది. చెయ్యి పెట్టే కొద్దిపాటి బలమంతా అంత ఇరుకు చోట పడుతుంది గనుక వెంట్రుక తెగుతుంది. అంచు మందమైతే ఆ బలం చెదిరిపోతుంది. వెంట్రుక వంగుతుంది, కత్తి దాని మీదికెక్కి కుదురును లాగుతుంది. కుదురు చుట్టూ నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. నా కళ్లలో నీళ్లు అందుకే వచ్చాయి. అప్పుడు మనం చేసేదల్లా ఇంకా గట్టిగా నొక్కడం. నొక్కేకొద్దీ కత్తి ముందు చర్మం చిన్న అలలా ఉబ్బుతుంది, అంచు అందులోకి దిగుతుంది.

మరి కాగితం, వేలు, ముంజెయ్యి ఎందుకు మోసం చేశాయి? ముంజేతి వెంట్రుకలు గడ్డం కన్నా బాగా సన్నం, ఓ మాదిరి పదునుకే రాలిపోతాయి. ఇక వేలికి గరగరా తగిలేది పదును కాదు, గరుకుతనం. కంటికి కనబడని రంపపు పళ్లలాంటి అంచు కాగితాన్ని కోసేస్తుంది, వేలికి భేషుగ్గా అనిపిస్తుంది, ముఖానికి మాత్రం మంట పెడుతుంది.

ఆ పళ్లు పోగొట్టేది సాన. జపాన్ కొలతలో 1000 నంబరు రాయి రేణువులు సుమారు 11 మైక్రాన్లుంటే, 8000 నంబరులో 1.2 మైక్రాన్లే. మెట్టు మెట్టుకీ రాయి సన్నబడుతుంది, వెనకటి రాయి పెట్టిన గీతలను తర్వాతిది అరగదీస్తుంది. కొంతమంది తయారీదారులు చివరి మెట్టు దాకా చేయించి పంపుతారు. కొందరు మధ్యలోనే ఆపి డబ్బాలో పెట్టేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా మెరుస్తాయి.

తేడా కనిపెట్టడానికి బొటనవేలి కన్నా దీపం నయం. అంచు పైకి ఉండేలా పట్టుకుని దీపం కింద అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి. మొండిగా ఉన్న చోట సన్నని తెల్లటి మెరుపు కనిపిస్తుంది, అక్కడ వెలుగు తిరిగి కంటికి కొట్టేంత వెడల్పు ఉందన్నమాట. నిజంగా పదునైన అంచు మీద అలాంటి మెరుపే ఉండదు. రాలిన తల వెంట్రుకను కుదురు వైపు పట్టుకుని అంచు మీదికి దించి చూసే పద్ధతీ ఒకటుంది, టుక్కున తెగి పడాలి. కానీ వెంట్రుకలు మనిషికో రకం, దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

అయితే మనమే సాన పడితే పోలేదా? ఈ కత్తిలో ఓ తెలివైన ఏర్పాటుంది. మందపాటి వెన్ను, అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. వెన్ను 5 మిల్లీమీటర్లు, రేకు వెడల్పు 18 ఉంటే కోణం దాదాపు 16 డిగ్రీలు. ఇంత సులువని మురిసిపోయి, కొత్త బిచ్చగాడు పొద్దెరగనట్టు, మొదటి రోజే రాయి ముందు కూర్చుంటే మాత్రం తంటానే. కాస్త బరువు వేస్తే పలుచటి రేకు వంగుతుంది, అంచు వంకర తిరుగుతుంది. మొదటి సాన తెలిసినవాళ్ల చేత పట్టించుకోవాలనే అంటాను నేను. కత్తి పీకుతుంటే తప్పు అంచుదో చేతిదో కొత్తవాళ్లకు తేలదు, తెలియనివి రెండు, సమీకరణం ఒకటి.

ఆ పదునైనా కలకాలం ఉండదు. ఉక్కు వెంట్రుక కన్నా 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుకే దాన్ని మొండి చేస్తుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గమనించారు. వెంట్రుక వంగి అంచుకు పక్కవాటున ఒత్తినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేని చోట్ల సూక్ష్మమైన పెచ్చులు లేస్తున్నాయట. వెంట్రుకలను ముందుగా గోరువెచ్చని నీటితో బాగా నాననిస్తే మెత్తబడతాయి, అంచు మీద భారం తగ్గుతుంది. గీసుకునే ముందు తోలుపట్టీ మీద కత్తిని వెన్ను ముందుకు పెట్టి లాగడం కూడా అంచును చక్కబెట్టుకోవడానికే. అంచు ముందుకు పెట్టారో, పట్టీ తెగుతుంది.

పదునుకు నిజంగా భయపడాల్సిన సందర్భం ఒకటుంది. కాగితం అంచు మీద వేలు ఊరికే నొక్కితే ఏమీ కాదు, అదే వేలు అంచు వెంబడి జారితే తెగుతుంది. మెత్తటి వస్తువును నేరుగా నొక్కితే అణుగుతుంది. పక్కకు లాగితే పైపొర సాగి, చాలా తక్కువ బలానికే చీలుతుంది. కత్తితోనూ అంతే. ముఖానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టి, అంచుకి అడ్డంగానే నడపాలి, వెంబడి జారనివ్వకూడదు.

నా కత్తికి తెలిసినాయన ఒకరు సాన పట్టి ఇచ్చాక మళ్లీ కూర్చున్నాను. ఈసారి లాగలేదు. వెంట్రుకలు తెగుతుంటే సన్నగా చిటపట వినిపించింది. ఆ శబ్దానికి సంబరపడుతూ చెవి కింద చెయ్యి తిప్పబోయి కత్తిని అర అంగుళం పక్కకు జరిపాను. నొప్పే లేదు. నురగ గులాబీ రంగుకు తిరిగాక గానీ తెగిందని తెలియలేదు. ఇంట్లోవాళ్లు మళ్లీ పదును ఎక్కువైందన్నారు.